ఆడని కార్డు

గాజు మీద నోటితో ఆవిరి ఊది, పాత బనియన్ గుడ్డతో తుడిచి, వెలుతురుకు ఎత్తి చూశాడు రాంచందర్. ఒక మూల ఇంకా ఎర్రగానే ఉంది. మళ్లీ ఊదాడు. బస్తర్‌లోని కిరండూల్‌లో పటాలు కట్టేవాడి పనిలో సగం తుడవడమే. కొండ మీద ఇనుప రాయి తవ్వుతున్నంత కాలం ఆ దుమ్ము కిందికి దిగుతూనే ఉంటుంది. వెనక హార్డ్‌బోర్డు పెట్టి, చిన్న మేకులు కొట్టి, అంచులన్నీ కాగితం టేపుతో మూసినా సరే, రెండు మూడేళ్లకు దేవుడి పాదాల దగ్గర ఎర్రటి పొర పేరుకుంటుంది. ఇళ్లలో వాళ్లు దాన్ని కుంకుమ అనుకుంటారు. రాంచందర్ ఎవరికీ కాదని చెప్పలేదు.

యాభై దాటిన మనిషి. సన్నగా, కొంచెం వంగినట్టు ఉంటాడు. ఎడమ బొటనవేలి మీద గాజు కోసిన పాత మచ్చలు ఒకదాని మీద ఒకటి పడి చర్మం బిరుసెక్కింది. కొట్టు వెనక గదిలోనే వంట, పడక. మరైగూడలో ఒక సంబంధం మాట్లాడుకున్నప్పుడు గది మీద రేకులు వేసుకున్నాక చేసుకుంటానన్నాడు. రేకులు వేసేసరికి ఆ అమ్మాయికి పెళ్లయిపోయింది. దాని గురించి బాధపడ్డాడని ఎవరూ అనుకోలేదు. అతనూ పెద్దగా పడలేదు. కొత్త చొక్కా కొంటే కవరులోంచి తీయకుండా రెండేళ్లు దాచుకునే మనిషి, తీసేసరికి బిగుతైపోయేది.

బయట ఆటో ఆగింది. రోజూ వాళ్లను తెచ్చే సుక్రాం ఆటో. అందులోంచి ముందు సీత దిగి తండ్రి చెయ్యి పట్టుకుంది. మంగల్ ఒక కాలు కింద పెట్టి, ఊపిరి తీసుకుని, రెండో కాలు పెట్టాడు. కొన్నాళ్లుగా రోజూ ఇంతే. కూతురు ఆసుపత్రిలో నర్సు. డ్యూటీకి పోతూ తండ్రిని ఇక్కడ దింపుతుంది. ఇంట్లో చీకటి, చలి. ఈ కొట్టు అరుగు మీద మధ్యాహ్నం దాకా ఎండ ఉంటుంది. మాట్లాడే మనిషీ ఉంటాడు.

"ఏందిరా, ఇంకా అదే గాజు తుడుస్తన్నవా?" అన్నాడు మంగల్ కుర్చీలో కూలబడుతూ.

"నిన్నటిది వేరే."

"అన్నీ ఒక్కతీరుగనే కనిపిస్తయి నాకు."

ఒకప్పుడు ఈ మంగల్ సుక్మా దాకా జీపు నడిపేవాడు. లోపల పట్టినంత మందిని ఎక్కించుకుని, వెనక వేలాడేవాళ్లను కేకలేస్తూ, పాటలు పెట్టుకుని పోయేవాడు. ఛాతీ ఇప్పుడు చొక్కా లోపల పక్షి గూడులా ఉంది. ఊపిరితిత్తులు గట్టిపడ్డాయని డాక్టర్లు చెప్పారు. అతనిది భేజ్జి నుంచి వచ్చిన దోర్ల తెగ కుటుంబం. రాంచందర్ వాళ్లది మరైగూడ. ఇద్దరి తండ్రులూ ఒకే ఏడాది కిరండూల్ రైలు యార్డులో బస్తాలు మోయడానికి వచ్చారు. హిందీ బడిలో తెలుగు మాట్లాడుకునే ఇద్దరు పిల్లల్ని మాస్టరు ఒకే బెంచీ మీద కూర్చోబెట్టాడు. స్నేహం అక్కడ మొదలైంది.

సీత సంచిలోంచి తుప్పు పట్టిన బిస్కెట్ డబ్బా తీసి బల్ల మీద పెట్టింది.

"కమలేష్ అన్న వస్తనన్నడు కాకా. ఈడనే చూస్తడంట. ఇక్కడ వెలుతురు మంచిగుంటది గద."

డబ్బాలో ఏముందో రాంచందర్‌కు తెలుసు. చిన్నప్పుడు చూయింగ్ గమ్‌తో పాటు వచ్చిన క్రికెట్ కార్డులు. ఒకవైపు ఆటగాడి బొమ్మ, రెండోవైపు అతని పరుగులు, వికెట్లు. బడి గోడ దగ్గర పిల్లలంతా వాటితో ఆడేవాళ్లు. గీత అవతల నిలబడి గోడకేసి విసరాలి. ఎవరి కార్డు గోడకు దగ్గరగా పడితే వాడికే రెండూ. మంగల్ పొద్దున్న ఒక కార్డుతో వచ్చి సాయంత్రం జేబు నిండా కార్డులతో పోయేవాడు, మర్నాడు అన్నీ పోగొట్టుకునేవాడు. రాంచందర్ ఆడేవాడు కాదు. తన కార్డులన్నిటినీ విడివిడిగా ప్లాస్టిక్ కవర్లలో పెట్టి, రేకు పెట్టెలో సర్దుకునేవాడు. బస్తర్ వానల్లో ఆ కవర్ల లోపల చెమ్మ పట్టింది. ఒక ఏడాది తెరిచి చూస్తే రంగులన్నీ ప్లాస్టిక్‌కు అంటుకుని, కార్డుల మీద తెల్లటి మరకలు మాత్రం మిగిలాయి.

కమలేష్ వచ్చాడు. ముప్పై ఏళ్లవాడు. బజారులో మొబైల్ రిపేరు కొట్టు నడుపుతూ, పాత నాణేలు, స్టాంపులు, ఇలాంటి కార్డులు ఫోన్లోనే కొని ఫోన్లోనే అమ్ముతుంటాడు. తండ్రిది జగదల్‌పూర్ అయినా ఈ ఊరి తెలుగు పిల్లల మధ్య పెరిగినవాడు. చేతులు కడుక్కుని, తుడుచుకుని, బల్ల మీద మెత్తటి గుడ్డ పరిచి డబ్బా తెరిచాడు.

ఒక్కో కార్డునూ అంచులు పట్టుకుని తీశాడు. మొదటిది చూసి పక్కన పెట్టాడు. రెండోదీ, మూడోదీ అంతే. వాటి మూలలు అరిగి గుండ్రమయ్యాయి. కొన్ని జేబులో కూర్చుని గుడ్డలా మెత్తబడ్డాయి. ఒకదాని మీద పసుపు మరక. ఒకటి నడుమకు మడిచినది. ఆ మడత దగ్గర బ్యాట్స్‌మన్ నడుము తెల్లగా చిట్లింది. వెనకవైపు నీలి ఇంకుతో హిందీలో 'మంగల్' అని రాసి ఉంది.

"ఆటగాడు మంచోడే కాకా. సిరీస్ కూడా దొరకనిదే," అన్నాడు కమలేష్. "కానీ చూడండి, మూల పోయింది. ఒక్క మూల మెత్తబడితే సగం ధర పోద్ది. మడత పడితే ఇంక బస్, ఖతం. పైన పెన్నుతో రాసిండ్రు."

"అది నా పేరే గద. నా కార్డు మీద నా పేరు రాసుకుంటే తప్పేంది?"

"కొనేవాడికి మీ పేరు వద్దు కాకా."

మంగల్ నవ్వబోతే దగ్గొచ్చింది. సీత వీపు మీద చెయ్యి వేసి, అది తగ్గేదాకా అలాగే నిలబడింది.

డబ్బా అడుగున, సిగరెట్ పెట్టెలో వచ్చే మెరుపు కాగితంలో చుట్టి ఇంకొకటి ఉంది. కాగితం విప్పగానే కమలేష్ మాట్లాడటం మానేశాడు. ఫోను లైటు వేసి, దాన్ని పక్క నుంచి కార్డు మీదికి వాల్చి చూశాడు. భూతద్దం తీశాడు. పరుగెత్తుకుంటూ వచ్చి చెయ్యెత్తిన పొడుగాటి వెస్టిండీస్ బౌలర్. చుట్టూ తెల్ల మార్జిన్. బొమ్మ మీది నునుపు నిన్న అచ్చు వేసినట్టుంది.

"ఇది మీరు ఆడలేదా?"

"ఆడలే," అన్నాడు మంగల్.

"చూడండి, నాలుగు మూలలూ సూదిలాగున్నయి. మార్జిన్ నాలుగు దిక్కులా సమానం. అప్పట్లో కోత సరిగా ఉండేది కాదు, బొమ్మ ఒక పక్కకి జరిగిపోయేది. ఇది మధ్యలోనే ఉంది." కమలేష్ గొంతు తగ్గించి మాట్లాడుతున్నాడు. "దీన్ని బయట దేశం పంపితే వాళ్లు చూసి పదికి ఇన్ని అని మార్కులేసి, గట్టి ప్లాస్టిక్ డబ్బాలో సీలు చేసి ఇస్తారు. దీనికి ఎనిమిది పక్కా. ఈ కింది అంచున కొంచెం పీచు లేచింది. అదే లేకుంటే తొమ్మిది."

రాంచందర్ వంగి చూశాడు. నిజమే, వెంట్రుకంత పీచు. అలవాటుగా చెయ్యి స్టీలు స్కేలు మీదికి పోయింది. రెండో చేతిలోకి బ్లేడు వచ్చింది.

"ఇంత తీస్తే సాపైతది," అన్నాడు.

కమలేష్ రెండు చేతులూ కార్డు మీద అడ్డం పెట్టాడు. "వద్దు అంకుల్. వాళ్లు కొలుస్తారు. ఏ మాత్రం తగ్గినా కోసిన కార్డు అని రాసి తిప్పి పంపిస్తారు. పీచు లేచిన కార్డుకు ధర ఉంది. కోసినదానికి ఏం లేదు."

రాంచందర్ బ్లేడు కింద పెట్టాడు. ఇన్నేళ్లుగా ఫోటోలు, పత్రాలు, దేవుళ్లు, ఫ్రేములో పట్టనిదేదైనా పట్టేట్టు కోసి ఇచ్చాడు. బాగు చేస్తున్నాననే అనుకున్నాడు. చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

కమలేష్ ఒక ధర చెప్పాడు. మంగల్ నవ్వాడు. సీత నవ్వలేదు. లోలోపల ఏదో లెక్క వేసుకుని, "వైజాగ్ పోయి రావడానికి సరిపోతది. అక్కడ కొన్నాళ్లు ఉండడానిక్కూడా," అంది.

"నేను పోను అని చెప్పిన గద."

"ఒక్కసారి పెద్ద డాక్టరుకు చూపిద్దాం నాయినా. ఒక్కసారే."

"జగదల్‌పూర్ డాక్టరు చెప్పింది నువ్వే నాకు తెలుగులో చెప్పినవు. ఇంక చేసేదేం లేదన్నడు. వైజాగ్ డాక్టరు అదే ఇంగ్లీషులో చెప్తడు."

"నేనైతే వింట. నువ్వు వినకున్నా."

మధ్యాహ్నం డబ్బుతో వచ్చి కార్డు తీసుకుంటానని చెప్పి కమలేష్ వెళ్లాడు. సీతకు డ్యూటీ వేళ అవుతోంది. మెరుపు కాగితంతో సహా కార్డును రాంచందర్ చేతిలో పెట్టింది.

"నువ్వు చూసుకో కాకా. నాయిన చేతికియ్యకు."

అతను తలూపాడు. కార్డును రెండు పల్చటి గాజు ముక్కల మధ్య పెట్టి బల్ల వెనక్కి నెట్టాడు.

ఎండ అరుగు మీదికి పూర్తిగా వచ్చింది. రాంచందర్ ఎవరో రిటైరైన వాడి సన్మానపత్రం చుట్టూ కట్టే చెక్క బీడింగు కోశాడు. మూలలు నలభై ఐదు డిగ్రీలకు కలిశాయో లేదో వేలితో తడిమి చూసుకున్నాడు. ఇనుప రాయి వ్యాగన్లు ఒకదాని వెనక ఒకటి కదిలిన చప్పుడు చాలాసేపు వినిపించి ఆగిపోయింది. గంజిలో కొంచెం అన్నం కలిపి మంగల్‌కు పెట్టాడు. మంగల్ రెండు గుక్కలు తాగి గిన్నె పక్కన పెట్టాడు.

"రాంచందర్."

"ఏంది?"

"ఆ కార్డు ఎవరిదో యాదికుందా?"

రాంచందర్‌కు యాదికుంది. ఆరో తరగతిలో, ఒక్కసారంటే ఒక్కసారే, అందరూ ఎగతాళి చేస్తుంటే తట్టుకోలేక అతను గీత దగ్గర నిలబడ్డాడు. పందెం పెట్టింది ఆ పొడుగాటి బౌలర్‌నే. అంత కొత్త కార్డు బడి మొత్తంలో లేదు. కార్డు గోడకు చాలా ఇవతల పడింది. మంగల్ గెలిచాడు. ఆ సాయంత్రం రాంచందర్ ఇంటికి పోయి అన్నం తినలేదు. తర్వాత మంగల్ ఆ కార్డును పందెంలో పెట్టడం ఎవరూ చూడలేదు. గర్వం కొద్దీ దాచుకున్నాడని రాంచందర్ అనుకున్నాడు. ఆ మాట ఎప్పుడూ బయటికి అనలేదు గాని, మనసులో ఎక్కడో అలా ఉండిపోయింది.

"నువ్వు మళ్ల ఆటకు వస్తవనుకున్న," అన్నాడు మంగల్. "నీది నువ్వు గెలుచుకోవాలె గద. ఊరికే ఇస్తే తీసుకునేటోనివి కాదు. అందుకే దాన్ని ఆడలే. ఇయ్యాల వస్తవు, రేపొస్తవు అని చూసిన. తర్వాత పెద్దోళ్లమైపోయినం."

"ఒక్క మాట చెప్పొచ్చు గద."

"నువ్వు అడగొచ్చు గద."

మంగల్ కుర్చీ చేతుల మీద బరువు వేసి ముందుకు జరిగాడు. "తియ్యి దాన్ని. ఇప్పుడు ఆడదాం."

"సీత నా చేతికిచ్చి పోయింది."

"నాకు తెలుసు."

"ఒక్కసారి గోడకు తగిలితే మూల పోతది. ఇందాకనే గద కమలేష్ చెప్పిండు."

"మూల పోతే వైజాగ్ పోతది," అన్నాడు మంగల్. నవ్వుతూ అనలేదు. "పండబెట్టి రైల్లో తీస్కపోతది రా సీత. సొరంగాలన్నీ దాటించి. ఏదో బిల్డింగుల తెల్ల గోడ దిక్కు చూసుకుంట పోవాల్నా నేను? వద్దన్న కొద్దీ నన్ను బతిలాడుతది. రోజూ బతిలాడుతది. పాపం, అలసిపోయింది."

రాంచందర్ అరుగు అవతలి గోడకేసి చూశాడు. సీతను పుట్టినప్పటి నుంచి ఎరుగును. ఆమె నర్సింగు సర్టిఫికెట్‌కు ఫ్రేము కట్టింది అతనే. డబ్బు తీసుకోలేదు. ఆమె ముఖం కళ్ల ముందు కదిలింది. చాలాసేపు కూర్చున్నాడు. మంగల్ తొందరపెట్టలేదు. అతని ఊపిరి లోపలికి పోయి బయటికి వచ్చే చప్పుడు కొట్టంతా వినిపిస్తోంది.

చివరికి లేచి పై గాజు ముక్క తొలగించాడు.

"నేనేం పెట్టాలి? నా దగ్గర కార్డుల్లేవు."

"ఏదో ఒకటి పెట్టు."

రాంచందర్ ఫోటోల వెనక పెట్టే తెల్ల మౌంట్ బోర్డు తీసి, స్కేలు పెట్టి, అదే కొలతకు ఒక ముక్క కోశాడు. మంగల్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"బొమ్మేది?"

"లేదు."

"సరే. నీ బొమ్మే అనుకుంట."

బోర్డు మీద గుర్తులు పెట్టుకునే సుద్దముక్కను మంగల్ అడిగి తీసుకున్నాడు. రాంచందర్ గీస్తానంటే ఒప్పుకోలేదు. కుర్చీలోంచి మెల్లగా నేల మీదికి జారి, ఒక చెయ్యి ఆనించుకుని, గీత మొదలుపెట్టాడు. సగం దాకా వచ్చి ఆగాడు. కళ్లు మూసుకుని ఊపిరి కూడగట్టుకున్నాడు. మళ్లీ మొదలుపెట్టి చివరిదాకా లాగాడు.

ముందు రాంచందర్ విసిరాడు. తెల్ల ముక్క గాలిలో తిరిగి గోడకు జానెడు ఇవతల పడింది. బాగా పడింది. ఆరో తరగతిలో ఇలా పడి ఉంటే, అనుకున్నాడు.

మంగల్ కార్డును చూపుడువేలికీ నడిమివేలికీ మధ్య పట్టుకున్నాడు. ఆ పట్టు మారలేదు. మణికట్టు ఒక్కసారి లోపలికి తిరిగి బయటికి వచ్చింది. అంత నీరసించిన చేతిలో ఆ ఒక్క కదలిక మాత్రం ఎక్కడా తడబడలేదు. కార్డు నేల మీదుగా సూటిగా పోయి, గోడకు టప్పున తగిలి, వెనక్కి పడకుండా గోడనే ఆనుకుని నిలబడింది.

మంగల్ ముఖంలో చిన్నప్పటి వెలుగొచ్చింది. "చూసినవా?" అన్నాడు. "చూసినవా రా?"

"చూసిన."

కమలేష్ వచ్చేసరికి కార్డు బల్ల మీద ఉంది. అతను భూతద్దం తీయలేదు. కుడిపక్క పై మూల లోపలికి నలిగి తెల్లగా కనిపిస్తోంది. కింది అంచు నేలకు రాసుకుని ఎర్రబడింది. ఇద్దరి ముఖాలూ చూశాడు. నేల మీద గీత చూశాడు.

"ఇది ఇప్పుడు ఆ కుప్పలోదే కాకా," అన్నాడు మెల్లగా.

"అక్కడనే పెట్టు," అన్నాడు మంగల్. "వాటితోనే ఉండాల్సింది ఎప్పుడో."

కమలేష్ డబ్బు కవరును జేబులోకి తోసుకుని, వెళ్లకుండా కూర్చుని, ముగ్గురికీ చాయ్ తెప్పించాడు. మంగల్ చాయ్ మొత్తం తాగాడు. ఎండ అరుగు దిగిపోయాక సుక్రాం వచ్చి అతన్ని ఆటోలో ఇంటికి తీసుకుపోయాడు.

సీత డ్యూటీ దిగి నేరుగా కొట్టుకే వచ్చింది. రాంచందర్ కార్డును ఆమె ముందుకు జరిపాడు. ఆమె చూసింది. ముట్టుకోలేదు.

"నీ చేతికిచ్చి పోయిన కాకా."

సీత, తండ్రి కూర్చునే కుర్చీలోనే కూర్చుంది. యూనిఫాం మీద వేసుకున్న స్వెట్టర్ అంచును వేళ్లతో లాగుతూ బయటికి చూసింది. బజారులో దీపాలు వెలుగుతున్నాయి.

"ఎవరు గెలిచిండ్రు?" అంది.

"మీ నాయినే."

"గట్టిగ విసిరిండా?"

"గోడకు ఆనుకుని నిలబడ్డది."

సీత తల వంచుకుంది. భుజాలు కదిలాయి. కాసేపటికి ముఖం తుడుచుకుని, "రాత్రి నాయిన కాళ్లు పట్టుకుని చూసిన. చల్లగున్నయి. నేను చేసేది ఆ పనే గద, దగ్గర పడ్డదని నాకు తెలవదా? తెలిసే వైజాగ్ అంటన్న," అంది. కార్డు తీసుకుని బ్యాగులో పెట్టుకుంది. లేస్తూ అతని భుజం మీద ఒక్క క్షణం చెయ్యి పెట్టి వెళ్లింది.

ఆ రాత్రే రాంచందర్ సన్మానపత్రం వెనక చివరి మేకు కొడుతుండగా సుక్రాం వచ్చాడు. ఆటో ఇంజను ఆపకుండానే దిగాడు. గుమ్మం దగ్గర నిలబడి కండువా చేతిలోకి తీసుకున్నాడు. "కాకా పోయిండు," అన్నాడు. "సీత నీళ్లు తాగిస్తుంటేనే."

రాంచందర్ సుత్తి బల్ల మీద చప్పుడు కాకుండా పెట్టాడు. కొట్టుకు తలుపు వేయకుండానే ఆటో ఎక్కాడు.

ఇంట్లో మంగల్‌ను చాప మీద పడుకోబెట్టారు. ముఖం ప్రశాంతంగా ఉంది. పెదవులు కొంచెం విచ్చుకుని ఉన్నాయి. ఇరుగుపొరుగు వాళ్లు గోడల వెంట కూర్చున్నారు. భేజ్జికి ఫోను చేశారు, తెల్లారేసరికి చుట్టాలు వస్తారు. సీత బ్యాగులోంచి కార్డు తీసింది. నలిగిన మూలను బొటనవేలితో సాపు చేయబోయి మానుకుంది. తండ్రి చొక్కా జేబులో పెట్టి పైన గుండీ వేసింది.

"నాయిన దగ్గరనే ఉండనీ కాకా," అంది. "ఆడిన కార్డే గద."

రాంచందర్ ఆమె పక్కన కూర్చున్నాడు. ఎవరైనా పోయినప్పుడు అందరూ అతన్ని అడిగేది ఫోటో గురించే. ఎంత సైజు, ఏ ఫ్రేము అని. ఇవాళ ఎవరూ అడగలేదు. మంగల్ కుడిచేతిని తన చేతిలోకి తీసుకుని, చూపుడువేలూ నడిమివేలూ కలిపి కాసేపు పట్టుకున్నాడు. ఏడుపు రాలేదు. చాయ్ మొత్తం తాగాడు గదా అనే మాట ఒక్కటే మళ్లీ మళ్లీ మనసులోకి వచ్చింది.

తెరిచే ఉంచి వచ్చిన కొట్టు మూయాలని గుర్తొచ్చి ఆటోలో ఒకసారి వెనక్కి వచ్చాడు. లైటు వేసే ఉంది. బీడింగు పొట్టూ గాజు రవ్వలూ ఊడ్చి మూలకు చేర్చాడు. కుర్చీ లోపల పెట్టాడు. అరుగు ఊడ్చడానికి వంగి, చీపురు ఆపాడు. కొండ దుమ్ము అప్పుడే సన్నగా పరుచుకుంటోంది. ఆ ఎర్రటి సిమెంటు నేల మీద సుద్ద గీత తెల్లగా ఉంది, మంగల్ ఊపిరి కోసం ఆగినచోట వేలెడంత ఖాళీతో.